అల్లుడుగారూ అన్న తిట్టు

మా నాన్నది మూడు కుర్చీల సెలూన్. మనిషి రంగు మాత్రం పెనం అడుగు. మేమంతా అంతే. మా తాతలు పొట్ట చేతపట్టుకుని ఈ ఊరొచ్చిన నాటి నుంచి తెల్లతోలు వాళ్ళు మమ్మల్ని "కాకులు" అంటారు. ముక్కు మూసుకుని మరీ అంటారు.

అదే మాట మా సెలూన్లో వేరు. "ఏరా కాకీ, పెళ్ళాం తిట్టిందా, మొహం వేలాడేశావ్?" "నీ నెత్తి మీద ఇంకేం మిగిలిందని కత్తిరించమంటావురా కాకీ?" కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, మా అమ్మ నన్ను లాలించిందీ ఆ మాటతోనే. మావాడైతే కాకి, బయటివాడైతే సార్. నాన్న ఎవరినైనా సార్ అన్నాడంటే ఆ మనిషి ఆయన మనసుకి ఆమడ దూరంలో ఉన్నట్టే.

చిక్కంతా మా ఆయనతో వచ్చింది. తెల్లోడు, బస్సు కండక్టరు. టిక్కెట్టుతో పాటు మనసూ చింపి నా చేతిలో పెట్టాడు. పెళ్ళైన దగ్గర్నుంచీ నాన్న అతన్ని "అల్లుడుగారూ" అనే పిలుస్తున్నాడు. అల్లుడుగారూ కూర్చోండి, అల్లుడుగారూ ఫ్యాను వేయమంటారా? సెలవురోజుల్లో వచ్చి నేల ఊడ్చినా, తువ్వాళ్ళు ఉతికినా గారు గారే. వింటుంటే నాకు ఒళ్ళు మండేది.

ఒకసారి మా ఆయన తెగించి, మా బాబాయిని "ఏం కాకీ, బాగున్నావా?" అన్నాడు. కత్తెరలు ఆగిపోయాయి.

"అల్లుడుగారూ," అన్నాడు నాన్న మెల్లగా. "ఊళ్ళోవాళ్ళు ఆ మాటతో మమ్మల్ని మొహాన కొట్టారండీ. మేం దాన్ని ఏరుకుని, కడుక్కుని, ఇంట్లో వాడుకుంటున్నాం. మిమ్మల్ని ఎవరు కొట్టారని?"

ఆ పూట మా ఆయన భోజనం ముట్టలేదు. "మీ నాన్నకి నేనెప్పటికీ చుట్టాన్నే," అన్నాడు. జాలేసింది. నాన్న మీద కోపమూ వచ్చింది.

మొన్న ఓ తెల్లాయన గడ్డం గీయించుకోడానికి వచ్చాడు. ఒక చెంప అయ్యాక నాన్న వేడినీళ్ళకని లోపలికెళ్ళాడు. నేను గల్లాపెట్టె దగ్గరే ఉన్నాను. గోడమీది క్యాలెండర్‌కిచ్చిన విలువ కూడా నాకివ్వకుండా ఆ తెల్లాయన, నేల ఊడుస్తున్న మా ఆయన్ని అడిగాడు.

"చూస్తే మనవాడిలా ఉన్నావు. ఈ కాకిమూకలో నీకేం పని బాబూ?"

"ఇది మా మామయ్య షాపండీ. ఆవిడ నా భార్య."

ఆయన ఎగిరి లేచాడు. "ఛీ! అయితే నువ్వూ కాకివే!" అని తువ్వాలు నేలకేసి కొట్టి, రెండో చెంప నిండా నురగతోనే వీధిన పడ్డాడు. నాకు నవ్వాగలేదు. మా ఆయన మాత్రం కొయ్యబారిపోయాడు. బుద్ధెరిగాక అలాంటి మాట పడటం అతనికి అదే మొదలు.

చూస్తే, నాన్న వేడినీళ్ళ గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. గిన్నె బల్ల మీద పెట్టి, ఖాళీ కుర్చీ దులుపుతూ, మా ఆయన వైపు చూడకుండానే కసిరాడు.

"ఒరేయ్ కాకీ, అలా గుడ్లప్పగించి నిలబడతావేంట్రా? ఆ తువ్వాలు తీసుకుని ఇటు తగలడు."

తువ్వాలు కోసం వంగినవాడు చాలాసేపటి దాకా లేవలేదు. ఏడుస్తున్నాడని తెలిసి నాన్న, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.