మామగారికి నేను చేసిన తర్జుమా

ముందే చెబుతున్నాను, ఈ కథలో కారు దేన్నీ ఢీకొట్టదు, కాలవలోనూ పడదు. నాకు డ్రైవింగు బాగా వచ్చు. కారుకు గీత కూడా పడకుండా, పక్కన మామగారిని కూర్చోబెట్టుకుని, నవ్వుతూ తిన్నగా పోలీస్ స్టేషనుకు వెళ్ళిన ఘనుణ్ణి నేను.

తుంగభద్ర కాలవ కింద భూములు కొని మేం తెనాలి వైపు నుంచి తెక్కలకోటకు వచ్చిన కొత్త. బళ్ళారి అప్పటికే మైసూరు రాష్ట్రంలో కలిసిపోయింది. నాకు పెళ్ళయింది గానీ, పెళ్ళాం రాజ్యం ఇంకా పుట్టింట్లోనే ఉంది. మామగారి దృష్టిలో ఇది పరదేశం. "భాష రాని దేశంలో పిల్ల ఎట్లా బతుకుద్ది? ముందు నేను చూడాలి" అని రైలెక్కారు. ఆయనకు నచ్చితే రాజ్యం కాపురానికి వస్తుంది, లేకపోతే లేదు. నేనేమో కన్నడం మంచినీళ్ళలా వచ్చేసిందని ఉత్తరం రాసి పడేశాను.

నిజానికి నాకు వచ్చినవి మూడు మాటలు. బేకు అంటే కావాలి, బేడ అంటే వద్దు, పరవాగిల్ల అంటే పరవాలేదు. ఈ మూడింటితో సంతంతా చుట్టి రావచ్చు, నమ్మండి.

ఆయన్ని బళ్ళారి స్టేషన్లో దింపుకోవడానికి గాంధీనగర్‌లో ఒక పెద్దాయన దగ్గర కారు బాడుగకు తీసుకున్నాను.

"డ్రైవర్ని పిల్చుకపోప్పా, కన్నడం మాట్లాడేకి ఒకడుంటాడు" అన్నాడాయన.

"నేను మాట్లాడతాను లెండి" అన్నాను. నా లైసెన్సు జేబులో భద్రంగా ఉంది. ఇంకేం కావాలి?

మామగారిని ఎక్కించుకుని బళ్ళారి ఊరు దాటగానే ఒక కానిస్టేబులు చెయ్యెత్తాడు. దావణగెరె వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చినవాడట, తెలుగు ముక్క రాదు. వంగి నన్నూ మామగారినీ చూసి, "పరవానగి ఇల్వేనప్పా?" అన్నాడు.

నా మూడు మాటల్లో ఒకటి వినబడేసరికి ప్రాణం లేచి వచ్చింది. "పరవాగిల్ల సార్" అన్నాను హాయిగా.

"ఏమంటన్నాడు అల్లుడు గారూ?"

"ప్రయాణం పరవాలేదా అని అడుగుతున్నాడండీ. ఇక్కడివాళ్ళకు మర్యాద ఎక్కువ."

కానిస్టేబులు కళ్ళు పెద్దవి చేశాడు. "పరవానగి ఇల్దే గాడి ఓడిస్తీయా?"

ఓడిస్తావా అంటున్నాడు! "మన కారు జోరు చూసి పందేనికి రమ్మంటున్నాడండీ" అని మామగారికి చెప్పి, అతనితో "బేడ సార్, బేడ" అన్నాను వినయంగా.

అతని మొహం ఎర్రబడింది. వెనక తలుపు తీసి ధడాలున కూర్చుని, "నడి, స్టేషనిగె" అన్నాడు.

"రైలు స్టేషను దాకా దింపమంటున్నాడు" అన్నాను.

"పాపం, ఎండన పడి నిలబడ్డాడు, దింపండి" అని మామగారు ఇంటి నుంచి తెచ్చిన డబ్బా మూత తీసి, వెనక్కి తిరిగి అతని చేతిలో రెండు అరిసెలు పెట్టారు.

"లంచ కొడ్తీరా?" అని గర్జించాడు అతను.

మామగారు మెల్లగా నావైపు తిరిగారు. "అల్లుడు గారూ, నాకు కన్నడం రాదు గానీ, లంచం అంటే లంచమేగా?"

నేను నోరు తెరిచేలోపు కానిస్టేబులు చెయ్యి నా భుజం మీదుగా వచ్చి దారి చూపించింది. ఆ దారిలో రైలు పట్టాలేవీ లేవు.

స్టేషన్లో సబిన్‌స్పెక్టరు తెలుగువాడే. "ఏందప్పా, లైసెన్సు లేకుండా కారు తోల్తాండావంట. అడిగితే పరవాలేదంటివంట?"

"లైసెన్సు ఉందండీ" అని జేబులోంచి తీసి ఇచ్చాను.

"మరి అడిగితే చూపీకుండా ఏం చేస్తాంటివి?"

"అడగలేదండీ. కుశలం అడిగారు."

ఆయన ఒక్క క్షణం నన్ను జాలిగా చూశాడు. "పరవానగి అంటేనే లైసెన్సప్పా. ఓడిసేదంటే నడిపేది. కొడ్తీరా అంటే ఇస్తారా అని. నువ్వు తెలుగులో మాట్లాడింటే మావాడు ఎవర్నన్నా పిలిపించి చెప్పిస్తాండె గదా."

స్టేషనంతా నవ్వింది. మామగారు నవ్వలేదు. ఇంటికెళ్ళే దారిలో పచ్చగా ఊగే వరి చూపించాను, చూడలేదు. రాజ్యం ఇక తెనాలి దాటి రాదని ఖాయం చేసుకున్నాను. ఆ పూట అన్నం సయించలేదు, నిజంగా ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సెక్కబోతూ ఆయన అన్నారు: "వెళ్ళగానే అమ్మాయిని పంపిస్తాను."

"ఊరు నచ్చిందాండీ?" అన్నాను, నా చెవులను నేనే నమ్మలేక.

"ఊరుదేముంది బాబూ. నిన్ను ఇక్కడ ఒంటరిగా వదిలేస్తే, ఉరి తియ్యమంటావా అని అడిగినా పరవాలేదనేట్టున్నావు."

ఆ బస్సు దుమ్ము సాక్షిగా, తుంగభద్రమ్మ మీద ఆన పెట్టి ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో మామగారికి ఏ భాషా తర్జుమా చెయ్యను. రాజ్యం వచ్చిన ఆర్నెల్లకే కన్నడం గడగడా మాట్లాడింది గనక, ఆ తర్వాత నన్ను ఎవరూ అడగనూ లేదు.