ఖాసిం సాబ్ మసక బొమ్మ

ఎమ్మిగనూరు డేరా టాకీసులో సినిమా వేసే ఖాసిం సాబ్‌కు మిషన్ మీద ఇంకొకరి చెయ్యి పడితే ఒళ్ళు మండేది. అంతకంటే ఎక్కువగా, కళ్ళద్దాల మాటెత్తితే మండేది. అవి ముసలివాళ్ళకట. యాభై దాటినా ఆయనకు మాత్రం ఇంకా ఆ వయసు రాలేదు.

దూరం చూపు మందగించి తెర మీది మొహాలు ఆయనకు పిండి ముద్దల్లా కనిపించేవి. మరి బొమ్మ ఎట్లా సరిచేసేవాడంటే, చెవులతో. మా జనానికి నోరు మూసుకుని సినిమా చూడటం తెలియదు. వెలుతురు తగ్గితే "సీకటి!" అనీ, మనిషి నెత్తి తెర పైకి పోతే "తల! తల!" అనీ, బొమ్మ చెదిరితే "మసక!" అనీ అరుస్తారు. మగ్గం మీద పోగు తెగితే ఇట్టే కనిపెట్టే నేతగాళ్ళ కళ్ళవి. అరుపును బట్టి ఖాసిం సాబ్ మిషన్‌కు వెలుతురిచ్చే కార్బన్ కడ్డీలు దగ్గరికి జరిపేవాడు, లేదా లెన్సు తిప్పేవాడు. అరుపులు ఆగాయంటే బొమ్మ కుదిరినట్టే. ఇన్ని కళ్ళు ఊరికే పనిచేస్తుంటే సొంత కళ్ళతో పనేముంది?

ఓనరు సేతుమాధవరావుకు ఈ గోల గిట్టేది కాదు. ఒక ఆదివారం ఆయన ఊళ్ళోని పంతుళ్ళనూ ఆఫీసర్లనూ కుటుంబాలతో సహా మొదటాటకు పిలిచాడు.

"ఏమప్పా ఖాసిం, ఈ పొద్దు పెద్దోళ్ళు వస్తాండారు. బొమ్మ సెడిందంటే రేపట్నుంచి ఆదోని ఆపరేటరే. మళ్ళ నన్నేమనద్దు."

"సూడండి సామీ, అద్దం మాదిరి ఏస్తా," అన్నాడు ఖాసిం సాబ్. పైకి ధీమాగానే అన్నాడు గానీ లోపల భయమే. మిషన్ తప్ప ఆయనకు ఇంకో బతుకు తెలియదు.

రీలు మార్చాక బొమ్మ పూర్తిగా చెదిరిపోయింది. పెద్దమనుషులు కదా, ఒక్కరూ నోరు మెదపలేదు. పిలిచి చూపిస్తుంటే వంక పెట్టడం మర్యాద కాదని పంతుళ్ళు కళ్ళు చికిలించుకుని కూర్చున్నారు. ఆ నిశ్శబ్దానికి మిషన్ గదిలో ఖాసిం సాబ్ పొంగిపోయి బీడీ వెలిగించాడు.

అడ్డగోడకు అవతల, ఆడవాళ్ళ వైపు, ఆయన భార్య జమ్రుద్‌బీ కూర్చుని ఉంది. ఓనరు విసురుగా లేచి గేటు వైపు నడవటం చూసింది. ఎందుకైనా మంచిదని పిలిపించిన ఆదోని మనిషి అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మొగుడి పని పోయినట్టేనని ఆమెకు అర్థమైంది.

జమ్రుద్‌బీ ఏనాడూ మొగుడి పేరు పలికిన మనిషి కాదు. రేషన్ అంగట్లో పేరడిగినా పక్కింటి ఉచ్చీరమ్మ చేత చెప్పించేది. తక్కిన చోట్ల "మా పిల్లోళ్ళ నాయన" అంటే సరిపోయేది. ఇక్కడ అట్లా పిలిస్తే హాల్లో సగం మంది మగవాళ్ళు తిరిగి చూస్తారు. ఉత్త "మసక!" అంటే మిషన్ చప్పుడులో ఒక్క గొంతు ఆయన చెవికెక్కదు, సొంత పేరైతేనే ఎక్కుతుంది.

లేచింది. కొంగు నడుముకు దోపింది.

"ఓ ఖాసిం సాబూ! బొమ్మ మసకైంది! లెన్సు తిప్పూ!"

బీడీ జారి కింద పడింది. చెయ్యి దానంతటదే లెన్సు మీదికి పోయింది. పంతుళ్ళు కూడా సిగ్గు వదిలేసి "ఇంగొంచెం! ఇంగొంచెం!" అని అందుకున్నారు. బొమ్మ కుదిరింది. గేటు దాకా పోయిన ఓనరు తిరిగొచ్చి కూర్చున్నాడు.

ఆట వదిలాక, "కండ్లద్దాలు పెట్టుకుంటే ఉండు, ల్యాకుంటే పో," అన్నాడు ఓనరు. ఖాసిం సాబ్ మర్నాడే ఆదోని పోయి తెచ్చుకున్నాడు. ఆ అద్దాలను ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిందని ఎగతాళంతా జమ్రుద్‌బీ వంతయింది. పాపం, చాన్నాళ్ళు అంగడి వీధికి రావడమే మానుకుంది.

"ఇంగొక్కసారి పిలువు," అని ఇంట్లో ఖాసిం సాబ్ బతిమాలాడు.

"సాల్లే, ముసలోనివైనావు," అంది ఆమె.

అద్దాలు వచ్చాక బొమ్మకు వంక పెట్టడానికి లేకపోయింది. జమ్రుద్‌బీ సినిమాకు వచ్చిన రోజు మాత్రం ఒకసారి తప్పకుండా మసకయ్యేది. నేలా బెంచీ ఏకమై గొంతు చించుకున్నా ఖాసిం సాబ్ కదిలేవాడు కాదు. అడ్డగోడ అవతలి నుంచి తన పేరు వినబడ్డాకే లెన్సు మీద చెయ్యి పెట్టేవాడు.