పిట్ట ముట్టని కల్లు

మా కల్లు దుకాణానికి మూడు వైపులే గోడలు. నాలుగో వైపు ఏనుగంత రాతిగుండు. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పట్లో అన్నీ గుండ్లూ ఈత చెట్లే. లింగంపల్లి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు మా ఊరికి పొలాల గట్ల మీదుగా నడిచి వచ్చేవారు. ఊళ్లోకి పోయేముందు చాలామంది మా దుకాణంలోకే పోయేవారు.

గుండుకు వీపులు ఆనించి కూర్చునేవారు కాబట్టి, ఏళ్ల తరబడి నూనె తలలు రాసుకుని దాని మీద నల్లటి మరకలు పడ్డాయి. ఎవరి మరక వాళ్లది. కొత్తవాడెవడైనా తెలియక కూర్చుంటే, "జర జరుగు తమ్మీ, అది వడ్లాయన జాగ" అనేవారు. తాగి పడేసిన తాటాకు రేకల అడుగున మిగిలిన కల్లు నాకడానికి ఒక మేక ఉండేది. సాయంత్రానికి అది గుండెక్కి, దిగడం చేతకాక అరిచేది. ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు కూడా దాన్ని దించడానికి మాత్రం కలిసి లేచేవారు. దింపి, మళ్లీ చెరో పక్కకు ముఖం తిప్పుకుని కూర్చునేవారు.

నాకు వీటిలో ఏదీ ముచ్చటగా ఉండేది కాదు. నా తల నుంచి కాళ్ల దాకా పులిసిన వాసన వస్తుందని అనుమానం. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు కొత్త ఫ్యాక్టరీలో పనికి కోస్తా నుంచి వచ్చినవాళ్ల పిల్లలు. "మీ నాన్నగారు ఏం చేస్తారండీ?" అని వాళ్లమ్మల్లో ఒకామె అడిగితే, "చెట్లు చూసుకుంటడు" అన్నాను. తోటలున్నాయి కాబోలు అనుకుని ఆమె నాకు ఎంతో మర్యాదగా కాఫీ ఇచ్చింది.

చెట్లు చూసుకునే మా నాన్న కల్లు తాగడు. ఈ సంగతి నాలుగూళ్లకూ వింత. మా తాత తాగి తాటిచెట్టెక్కి, పడి చనిపోయాడట. ఆ శవం ముందే మా నాయనమ్మ మా నాన్న చేత ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి ఆయన నాలుకకు కల్లు చుక్క తగల్లేదు. రుచి చూడకుండానే అమ్మేవాడు. "అల్లుడు కల్లు తాగడు గానీ, ఆయన మాట తాగితే చాలు" అనేవాడు గొర్లు కాసే తాత. మా నాన్నకు ఆయన వరుసకు మామ. మా తాత శవాన్ని తాటివనం నుంచి మోసుకొచ్చిన నలుగురిలో ఆయనొకడు.

ఆ తాతా, ఆయన భార్యా ఇద్దరూ మా దుకాణంలో పక్కపక్కన కూర్చునేవారు. గుండు మీద వాళ్ల మరకలు రెండూ కలిసిపోయి ఒకటే అయ్యాయి. అవ్వకు ఈత కల్లంటే ప్రాణం. మొదటి గుటక నోట్లో పెట్టుకుని ఇది ఏ చెట్టుదో చెప్పేది. తప్పు చెప్పినప్పుడు కూడా ఎవరూ కాదనేవారు కాదు, తిట్లు తినే ఓపిక లేక.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. చెట్లలో కల్లు పారుడు తగ్గింది. అవ్వ అప్పుడే చనిపోయింది.

మా వైపు చనిపోయినవాళ్లకు పిట్టకు పెడతారు. వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. అవ్వకు పెట్టాలంటే కల్లు లేకుండా కుదరదు. అదే రోజు ఇంకో ఇంట్లో మైసమ్మ పండుగ. వాళ్లకూ కల్లు కావాలి. ఉన్నది ఒక ఇంటికే సరిపోతుంది.

లేదు అనడం మా నాన్నకు చేతకాదు. మంచితనం అంటారు కొందరు. నేనైతే పిరికితనం అంటాను. పండుగ ఇంటికి మంచి కల్లు పంపి, మిగిలిన దాంట్లో బావి నీళ్లు కలిపి అవ్వకు తీసుకుపోయాడు. ఏడుపులో ఉన్నవాళ్లు రుచి చూస్తారా అనుకున్నాడట. ఆ మాట తర్వాత మా అమ్మతో ఆయనే అన్నాడు. నేను విన్నాను.

మాంసం, గారెలు, బెల్లపన్నం పెట్టారు. మోదుగ దొప్పలో కల్లు పోశారు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కుతోంది. "నీ కోడల్ని మంచిగ చూసుకుంట" అని కొడుకు మొక్కాడు. రాలేదు. "నీ నల్ల గొర్రెను అమ్మం" అని కోడలు మొక్కింది. రాలేదు. ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు. అప్పుడు తాత మెల్లగా పోయి, దొప్పలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. తర్వాత మా నాన్న వైపు చూశాడు.

"అల్లుడా, ఇంట్ల ఇంకో లొట్టి ఉంటే తేపో" అన్నాడు, అంతే.

మా నాన్న పరుగెత్తాడు. ఎల్లమ్మ తల్లికి పెట్టడానికి ఇంట్లో పక్కన ఉంచిన చిన్న కల్లుకుండ తెచ్చాడు. దొప్ప మార్చి పోశారో లేదో, కాకి దిగి ముక్కు పెట్టింది. ఊరంతా చూసింది. అనాల్సిందంతా కాకి అనేసింది.

అంతవరకు కల్లు అమ్మేవాడి బిడ్డనని సిగ్గుపడేదాన్ని. ఆ రోజు నుంచి చనిపోయినామెకు నీళ్లు పోసినవాడి బిడ్డనని సిగ్గుపడ్డాను. మొదటి సిగ్గును బడిలో దాచుకోవచ్చు, ఊళ్లో దానికి లెక్కే లేదు. రెండోదాన్ని ఊళ్లో ఎక్కడా దాచుకోలేను.

మర్నాడు దుకాణానికి అందరూ వచ్చారు. రాకపోయినా బాగుండేది. ఎవరి మరక కింద వాళ్లు కూర్చుని, తాటిరేకలు తీసుకుని, తమ ముందు బోర్లించి పెట్టుకున్నారు. వానల గురించి, గొర్ల గురించి ఎప్పటిలాగే మాట్లాడుకున్నారు. పొద్దు గూకాక లేచిపోయారు. ఆ మర్నాడూ అంతే. మా నాన్న లొట్టి పట్టుకుని మధ్యలో నిలబడి ఉండేవాడు. మేక కూడా నాకడానికి ఏమీ లేక బయటికి పోయింది.

మూడో రోజు తాత తన రేకను తిప్పి మా నాన్న చేతిలో పెట్టాడు. "ముందు నువ్వు తాగు. తాగి మాకు పొయ్యి" అన్నాడు.

"ఒట్టున్నది గదా మామా" అన్నాడు మా నాన్న.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. ఆ ఒట్టు మంచి కల్లు పోసేటోనికి. ఇగ నీ మాట మేం తాగం, నువ్వు తాగినంకనే తాగుతం."

మా నాన్న తాగాడు. మందు మింగినట్టు మింగాడు. నేను తడక వెనక నిలబడి చూశాను. ఇంట్లో మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

అప్పటి నుంచి రోజూ మొదటి రేక ఆయనదే. ఒక్క గుటక, అంతకు మించి ఎన్నడూ లేదు. ఏళ్లు గడిచేకొద్దీ జనం ఎందుకో మర్చిపోయారు. ఫ్యాక్టరీలో పనిచేసే కొత్తవాళ్లు అది మా నాన్నకు ఇచ్చే గౌరవం అనుకున్నారు. "దుకాణం పెద్దమనిషి, ముందు ఆయన పట్టాలి" అంటూ లేచి నిలబడేవారు కూడా. గౌరవమట! ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టు ఉండేది. అది శిక్ష అని గుర్తున్నది మా అమ్మానాన్నలకూ, తాతకూ, నాకూ.

నేను కాలేజీలో చదివే రోజుల్లో తాత పోయాడు. ఆయనకు పిట్టకు పెట్టే రోజు మా నాన్న తెల్లారకముందే చెట్లెక్కి దించిన కల్లు తీసుకుపోయాడు. అన్నీ పెట్టాక, అలవాటుగా ముందు తన రేకలో పోసుకున్నాడు.

తాత మనవడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏంది మామా గిట్ల చేస్తున్నవ్? పిట్టకు పెట్టకముందు నువ్వు తాగుతే ఎంగిలి గాదా?"

నిజమే. పోయినవాళ్లకు ఎంగిలి పెట్టరు. కానీ తాగు అని శిక్ష వేసిన మనిషికే ఇప్పుడు పోయాలి. తాగకుండా పోస్తే మళ్లీ ఆ రోజులాగే కాకి ముట్టదేమో. మా నాన్న రేక పట్టుకుని నిలబడిపోయాడు. కల్లు అంచు దాటి చేతి మీద కారుతోంది. చుట్టూ చూసి, చివరికి నా వైపు చూశాడు. తాగమనో వద్దనో ఆయనకు చెప్పగలిగేవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు.

నేను జనం మధ్యలోంచి ముందుకు పోయాను. "తాగు నాయినా" అన్నాను. "తాత పెట్టిన కట్టుబాటు అది. తాగినంకనే పొయ్యి."

కన్న తండ్రిని పట్టుకుని 'నిన్ను నమ్మం, ముందు నువ్వు తాగు' అన్నట్టే కదా అది. అంతమందిలో అన్నాను. ఆయన తాగాడు. రేక కింద పెట్టి, దొప్పలో పోసి వెనక్కి జరిగాడు.

మేం పది అడుగులు వేయకముందే కాకి దిగింది. మాంసాన్ని, గారెలను వదిలేసి తిన్నగా దొప్ప దగ్గరికే పోయింది. జనం చేతులు జోడించారు. మా నాన్న ఆ కాకిని చూడలేదు, నా ముఖమే చూస్తున్నాడు. నేను తల దించుకున్నాను.