పప్పుకి నేను వేయని మార్కులు

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండ వ్యాపారుల సంఘం వాళ్లు పట్టణంలో అన్నిటికంటే మంచి హోటల్ ఏదో తేల్చాలనుకున్నారు. గెలిచినవాళ్లకి సంఘం కొత్త కాంప్లెక్సులో దుకాణం, మూడేళ్లు కిరాయి లేకుండా. తీర్పు చెప్పడానికి ముగ్గురం: ఒక బియ్యం వ్యాపారి, రిటైరైన ఒక తహశీల్దారు, నేను. ఆడపిల్లల హాస్టల్లో వంటశాల నడిపినదాన్ని. ఉప్పు కూడా తూచి వేయిస్తానని పేరుంది, అందుకే పిలిచారు.

పోటీలో మా చెల్లెలి హోటలూ ఉందని ముందే చెప్పాను. నన్నెరిగినవాళ్లు కాబట్టి ఫరవాలేదన్నారు. అయినా పళ్లాల మీద పేర్లు వద్దని, అంకెలే ఉండాలని పట్టుబట్టాను. ఒక్కో హోటల్ పప్పుకి పది మార్కులు: రుచికి నాలుగు, ఉడుకుకి మూడు, ఉప్పు పులుపులకి మూడు. ఇట్లా విడగొడితే తీర్పులో మనిషి కనబడడని నమ్మాను.

ఆ దుకాణం మా చెల్లెలికి ప్రాణావసరం. రోడ్డు వెడల్పులో ఆమె రేకుల షెడ్డు పోతోంది. మర్రిగూడ బోరు ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఆమె భర్త కాళ్లు వంగిపోయాయి, నిలబడి ఏ పనీ చేయలేడు. ఇంటిల్లిపాదికీ ఆ ఒక్క పొయ్యే ఆధారం.

నాలుగో పళ్లెంలో పప్పు పంటికి తగిలింది. నా చెయ్యి ఆగిపోయింది. మా ఊరి నీళ్లలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా మెదిగేది కాదు. అమ్మ దానితో పోరాడటం మానేసి, పలుకు మీద ఉండగానే చింతపండు పిసికి, దండిగా ఎల్లిపాయ పోపు పెట్టేది. జొన్నరొట్టెతో అదే తిని పెరిగాం. పట్నంలో మంచినీళ్లు దొరికినా చెల్లెలు అట్లాగే వండుతుంది.

"ఇది ఎవరిదో నాకు తెలిసిపోయింది," అన్నాను.

"పెద్దమ్మా, నువ్వు చెప్పకపోతే ఎవలకెరిక? ఏసెయ్," అని వ్యాపారి నవ్వాడు.

వేయలేకపోయాను. నా నాలుక పదికి పది అంటోంది. అది పప్పుకా, అమ్మకా? తూచుదామంటే రాయి లేదు.

"అయితే మనిద్దరి మార్కులే లెక్క," అన్నాడు తహశీల్దారు వ్యాపారితో, నములుతూ. "ఉడకనే లేదు. ఇది పప్పా, గులకరాళ్లా?"

అయిదో పళ్లెంలో పప్పు వెన్నలా ఉంది. వ్యాపారి కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ! అచ్చం మా అమ్మ చేసినట్టే ఉన్నది." పదికి పది వేశాడు.

"మరి మీవి తీసెయ్యరా?" అని అడిగాను.

"ఎందుకు పెద్దమ్మా? ఆ హోటల్ మా అమ్మది కాదు గదా!"

అందరూ నవ్వారు. అయిదో పళ్లెం గెలిచింది.

చెల్లెలికి జరిగిందంతా నేనే వెళ్లి చెప్పాను.

"నీ నోటితోని నువ్వే చెప్పినవా అక్కా? గా ఒక్క మాట మింగితే ఏం పోయేది?"

మంచం మీద నుంచి మరిది అందుకున్నాడు. "వదినె సంగతి ఎరికే గదనే. యముడొస్తే గూడ, కాయితంల తారీఖు చూపియ్యి అంటది."

ఆమె నవ్వలేదు. కుక్కర్ ఎక్కించి, ఎన్నడూ లేనిది ఇంకో రెండు కూతలు ఎక్కువ రానిచ్చింది. పప్పుగుత్తితో కసిగా మెదిపి, గిన్నె నా ముందు పెట్టింది.

"జర తిని చెప్పు. గిట్లుంటే గెలుస్తనా?"

నోట్లో పెట్టుకున్నాను. మెత్తగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"మల్ల పెడతరా అక్కా పోటీ?"

మళ్లీ పెట్టరు. సోమవారానికల్లా షెడ్డు ఖాళీ చేయమన్నారు. ఆమె గరిటె పట్టుకుని నా మొహమే చూస్తూ నిలబడింది.