మాయలో దొరికిన మూల

పెద్దక్కకు నోరెక్కువని కాన్పుల వార్డులో అందరూ అంటారు. రాప్తాడు దగ్గర ఆమెకున్న చేనులో బోరు వేసినప్పుడల్లా దుమ్మే లేచింది. ఇక లాభం లేదని అనంతపురం వచ్చి ఈ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. పుట్టినవాళ్ళను తుడవడం, వాళ్ళ వెనకే పడే మాయను బేసిన్‌లో వేసి బయటికి మోయడం ఆమె పని. "బిడ్డను చేతికిస్తే చీర పెడతారు. మాయను మోస్తాంటే ముక్కు మూసుకుంటారు. రెండూ ఒక కడుపులోవే గదా" అంటుంది.

మా అక్క ఇంద్రాణికి బీపీ పెరిగి కష్టమైన కాన్పు జరిగింది. ఆడపిల్ల. చిన్నగా ఉన్నా ఏడుపు మాత్రం పెద్దదే. కాసేపటికి పరిశోధన చేసే గౌతమి మంచుడబ్బా పట్టుకుని వచ్చింది, మాయను ఇస్తారా అని అడగడానికి.

"మూల కణాలని మాయలో ఉంటాయమ్మా" అని మొదలుపెట్టింది. "మాయలోని కణాలు గర్భం గోడలోకి వేర్లలాగా పాకాలి. కణానికి కరెంటు చేసిపెట్టే మైటోకాండ్రియా నీరసిస్తే అవి సరిగా పాకలేవు. కొందరికి బీపీ రావడానికి అదీ ఒక కారణం కావచ్చు. మూల కణాలు సన్నని గొట్టాలు చాచి తమ మైటోకాండ్రియాను పక్క కణాలకు ఇస్తాయి. అప్పుడు మాయ కణాలు కోలుకుంటాయా అని చూస్తున్నాం."

"మోటరు కాలితే పక్క చేనోడు పైపేసి నీళ్ళిచ్చినట్లా?" అంది పెద్దక్క.

"నీళ్ళు కాదు పెద్దక్కా, మోటరే ఇచ్చేస్తాయి."

"మా పక్క చేనోడు నీళ్ళడిగితేనే కుక్కను ఇడుస్తాడు. ఇంత మంచి బుద్ధి కడుపులో ఉండి, బయటపడినాక యాడికి పోతాదో."

అక్క అత్త ఆంజినమ్మ ఇదేదీ వినలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"మూలా? బిడ్డ మూలా నక్షత్రమా?"

గౌతమి గోడమీది క్యాలెండరు చూపించి ఈరోజు స్వాతి అని చెప్పింది.

"గోడకేం తెలుస్తాది? నువ్వే గదా దుర్భిణిలో చూసేదానివి, మూల ఉండాదంటివి." ఆంజినమ్మ నా వైపు తిరిగింది. "మీ అక్కను, బిడ్డను నల్లమాడకు తోలుకపో. నాకుండేది ఒక్క కొడుకు. ఈ బిడ్డను నా గడప తొక్కనియ్యను."

నల్లమాడ మా పుట్టిల్లు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

పెద్దక్క బేసిన్ కింద పెట్టింది. "ఏమ్మా ఆంజినమ్మా, మూల దేంట్లో ఉండాదనింది ఆయమ్మ? మాయలో. మాయ యాడుండాది? బేసిన్లో. బిడ్డకేం దోషం తగిలె?"

ఆంజినమ్మ ఆలోచించింది. "అట్లయితే తీసుకపొమ్మను. మూత గట్టిగా పెట్టమను."

గౌతమి డబ్బా తెరవలేదు. "అబద్ధం నమ్మి ఇస్తే నేను తీసుకోకూడదు. అయినా ఇవ్వాల్సింది ఇంద్రాణిగారు."

"ఇచ్చింది ఎత్తుకోని పో తల్లీ. దోసెలో చిల్లులు లెక్కబెట్టొద్దు" అని పెద్దక్క పళ్ళు కొరికింది.

అక్క లేచి కూర్చుంది. "నాకొచ్చిన బీపీ ఇంకొకరికి రాకుండా ఆపుతారా?"

"చెప్పలేను. ఏళ్ళు పట్టొచ్చు. ఏమీ తేలకపోనూవచ్చు."

"తీసుకపోండి. నచ్చత్రానికి భయపడి కాదు, నేనే ఇస్తాండా." తర్వాత అత్తవైపు చూసింది. "అత్తా, నేను నల్లమాడకు పోను. బిడ్డ, నేను నీ ఇంటికే వస్తాం. బయటుండే బిడ్డ నాయనను లోపలికి పిలువు."

అక్క అత్తకు ఎదురుచెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆంజినమ్మ కూడా చూసినట్టు లేదు. తర్వాత తేరుకుని, "దేనికైనా మంచిది, గిన్నెలో నూనె తెప్పించండి" అంది. దోషమున్న బిడ్డను తండ్రి నేరుగా చూడకుండా ముందు నూనెలో నీడ చూడాలట.

బావ మారుతి తలుపు దగ్గర నిలబడి నసిగాడు. "నేను చూసేసినా మా. పెద్దక్క ఫోటో పంపింది."

"ఫోన్లోనా, నేరుగానా?"

"ఫోన్లోనే."

ఆంజినమ్మ ఫోను లాక్కుని తెరను పక్కకు వంచి, దాంట్లో తన మొహం కనబడుతుందో లేదో చూసుకుంది. కనబడింది.

"నూనె మాదిరే మెరస్తాండాది. చాల్లే, దోషం పోయినట్లే."

బిడ్డను ఎత్తుకుని తిప్పి తిప్పి చూసింది. "ముక్కు మాత్రం నల్లమాడోళ్ళదే" అంటూ కొంగుతో బిడ్డ మూతి తుడిచింది.