పదిహేనో బీటర్

మా ఆవిడ సుభద్ర ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. కాదు, అయిదడుగులని ఆవిడ వాదన. ఆ అంగుళం దగ్గర మాకు ఇన్నేళ్ళుగా రాజీ కుదరలేదు.

1964లో నేను ఇంగ్లండులో హేదర్‌షా అనే ఊళ్ళో జీపీగా, అంటే ఊరి డాక్టరుగా, చేరాను. డాక్టరు క్లినిక్‌ని ఇక్కడ సర్జరీ అంటారు. లీడ్స్ నుంచి బస్సులో గంటన్నర. మా పెరటి గోడ దాటితే మూర్ మొదలవుతుంది. చెట్టన్నది లేని కొండబయలు, నిండా హెదర్ పొదలు, వాటి కింద పీట్ అనే నల్లమట్టి, ఎండితే పొయ్యిలో కాలేది. ఎండలు ముదిరితే ఆ పొదలు అంటుకుంటాయి. అందుకని ఊళ్ళో పద్నాలుగిళ్ళ గుమ్మాల పక్కన ఒక్కో బీటర్ వేలాడుతూ ఉంటుంది. పొడుగాటి కర్రకి బర్చ్ కొమ్మలు బిగించి కట్టిన చీపురు అది. మంట నెత్తిన దానితో మోదాలి. ఎవరి కర్ర వాళ్ళ ఎత్తుకి తగ్గట్టు కోస్తారు, దాని మీద ఇంటి నంబరు వేస్తారు. చర్చి గంట ఆగకుండా మోగిందంటే, ఇంటికొకరు బీటర్ పట్టుకుని పైకి పరిగెత్తాలి.

మా గుమ్మానికి బీటర్ లేదు. "కాలినవాళ్ళని చూడ్డానికి డాక్టర్ కిందే ఉండాలిగా" అన్నాడు ఆర్థర్ డైసన్. గొర్రెలు పెంచే రైతు, మంటలార్పే పనికంతటికీ పెద్ద. అది నాకు చేసిన మర్యాద అనుకుని పొంగిపోయాను.

సుభద్రది దివిసీమ. మట్టి కనిపిస్తే చేతులూరుకోవు. మా పెరడంతా బంకమట్టి, గడ్డి తప్ప ఏదీ రాదు. వచ్చిన మొదటి శరదృతువులోనే బకెట్ తీసుకుని గోడ దాటి, కొండ మీది నల్లమట్టి తెచ్చి పోసింది. నాకూ తప్పనిపించలేదు. మా వైపు చెరువెండితే పూడికమట్టి బండ్లకొద్దీ పొలాలకి తోలుకుంటారు, ఎవరి అనుమతీ అడగరు. మట్టికి హక్కుదారులుంటారని మాకెలా తెలుస్తుంది?

నాలుగేళ్ళకి తెలిసింది. పొయ్యిలోకి పీట్ తవ్వుకునే హక్కు తాతల నాటి నుంచి ఆ పద్నాలుగిళ్ళకే ఉందట. హక్కున్న ఇంటికే బీటర్. మర్యాదా లేదు, మన్నూ లేదు. ఇక ఆపెయ్యమన్నాను. "ఆపేస్తే మీకు గోంగూర పచ్చడి సర్జరీలో చేసి పెడతారా?" అంది. పచ్చడి మీద ఆశతో నోరు మూసుకున్నాను. అలా పన్నెండేళ్ళు. మా మడి గోడ మొదలు నుంచి పక్కింటి చెక్కల షెడ్డు దాకా సాగింది. పక్కిల్లు ఆర్థర్ తల్లిది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, పక్షవాతంతో ఆ షెడ్డు వెనక గదిలోనే మంచం మీద ఉంది. నా పేషెంటే.

1976 ఎండాకాలం ఇంగ్లండుని మాడ్చేసింది. గొట్టాలతో తోటలు తడపకూడదన్నారు. సుభద్ర మాత్రం గిన్నెలు కడిగిన నీళ్ళతో గోంగూర మొదళ్ళు తడిపింది. అంతవరకూ గాజు పెట్టెలో జానెడు పెరిగి ఏడ్చిన మొక్కలు ఆ ఏడు నడుమెత్తు లేచాయి. తక్కిన మడంతా పొడిపొడిగా ఎండింది.

ఆగస్టులో ఒక సోమవారం గంట మోగింది. రెండు రోజులు మోది మంటలైతే అణిచారు. కానీ నిప్పు పీట్ లోపలికి దిగింది. ఉన్న ఒక్క ఫైర్ ఇంజన్ ఇంకో కొండకి వెళ్ళిపోయింది. బుధవారం మధ్యాహ్నానికి పొగ మా గోడకి వంద గజాల్లోకి వచ్చింది. బంకమట్టి తగిలేదాకా కందకం తవ్వడం తప్ప దారి లేదు. తవ్వేవాళ్ళు చూస్తే రెండు రోజులుగా నిద్ర లేని పద్నాలుగు మంది.

నేను మా పెరట్లో ఒకడి అరచేతికి కట్టు కడుతున్నాను. సుభద్ర అందరికీ మంచినీళ్ళు పోస్తోంది. ఆర్థర్ గోడ వెంట నడుచుకుంటూ వచ్చి మా దగ్గర ఆగాడు.

"ఇక్కడ తవ్వొద్దు" అన్నాడు తన వాళ్ళతో. "గోడ లోపలంతా బంకమట్టే. మా తాత ఇక్కడే ఇటుకలు చేశాడు. నిప్పు గోడ దగ్గర దానంతటదే ఆగుతుంది. అందరూ తూర్పు వైపు పదండి."

కూజా పట్టుకున్న సుభద్ర చెయ్యి ఆగిపోయింది. నేను కట్టు ముడి బిగించి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మా వైపు ఊళ్ళో అయితే నలుగురి ముందు ఇలాంటి మాట గుసగుసగానైనా అనలేం. ఇక్కడ తెలుగు ఎవరికీ రాదు కనక అందరి మధ్యా నిలబడి మామూలు గొంతులతోనే పోట్లాడుకున్నాం.

"నువ్వు లోపలికి పో" అన్నాను.

"పిడకల దాలి ఎలా ఉంటుందో మీకు తెలియదా? పైన బూడిదే కనపడుతుంది. పొద్దుగూకేదాకా లోపల రాజుతూనే ఉంటుంది. మన మడీ అంతేనండీ. ఎండిన పిడకే అది."

"ముసలావిణ్ణి అంబులెన్సులో పంపించేస్తాను. మట్టి సంగతి మాత్రం ఎత్తకు."

"ఆవిణ్ణి పంపిస్తారు. ఇంటినీ పంపిస్తారా?"

"పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరుగుతున్నాను, సుభద్రా. దొంగ డాక్టరంటారు. రేపు సర్జరీకి ఎవడొస్తాడు?"

"దొంగ నేను. మీరు పచ్చడి తిన్నారు, అంతే" అంది.

అప్పుడు నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. ఆ సంగతి దాచను. రాసేటప్పుడైనా నిజం రాయాలి. ఆవిడ విదిలించుకుని, కూజా గోడ మీద పెట్టి, తూర్పుకి కదిలిన ఆర్థర్ వెనక పరిగెత్తింది.

"మిస్టర్ డైసన్, ఇక్కడ బంకమట్టి కాదు. పీట్. కొండ మీంచి నేనే తెచ్చాను. పన్నెండేళ్ళు. మీ అమ్మగారి షెడ్డు దాకా ఉంది."

ఆర్థర్ వెనక్కి వచ్చాడు. మడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి దింపాడు. మోచేతి దాకా దిగింది. తీస్తే నల్లటి పొడి రాలింది. మా ఇద్దరి వైపూ చూడలేదు. చూసి తిట్టినా బాగుండును.

"పారలు ఇటు తీసుకురండి" అన్నాడు.

షెడ్డుకి ఇవతల, మడికి అడ్డంగా తవ్వడం మొదలుపెట్టారు. సరిగ్గా గోంగూర ఉన్న చోట. పారలు పడకముందే సుభద్ర వంగి మొక్కల్ని వేళ్ళతో సహా పెరికి గడ్డి మీదకి విసిరేసింది, ఒక్కటి మిగల్చకుండా. తరవాత తనూ పార పట్టింది. నేను ముసలావిణ్ణి అంబులెన్సు ఎక్కించి వచ్చి ఇంకో పార తీసుకున్నాను. నాకెవరూ చోటివ్వలేదు, నేనే దూరాను.

అయిదు దాటాక గోడ పునాది రాళ్ళ మధ్య నుంచి సన్నటి పొగ లేచింది. మడి అటు కొసన మట్టి కుంగింది. మంట లేదు, చప్పుడు లేదు. అడుగు తరవాత అడుగు కుంగుతూ మా వైపు వచ్చింది. పారలు దించి అందరం కందకం ఇవతల నిలబడ్డాం. అంచు దాకా వచ్చింది. అంచున ఎర్రగా కనిపించింది. అడుగున బంకమట్టి చల్లగా, తడిగా ఉంది. గంట గడిచాక ఆ ఎరుపు నల్లబడింది. షెడ్డు అక్కడికి నాలుగు గజాలు.

ఎవరూ మాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

ఆ తరవాత మూడు వారాలు సర్జరీకి వచ్చినవాళ్ళు జబ్బు చెప్పి, మందు చీటీ తీసుకుని లేచిపోయేవారు. వాతావరణం సంగతి కూడా ఎత్తలేదు. ఈ దేశంలో అంతకంటే పెద్ద వెలి లేదు. ఊరు వదిలిపోదామన్నాను. పెరికిన మొక్కల కాయల్లోంచి గింజలేమన్నా దొరుకుతాయేమో అని సుభద్ర వెతుకుతోంది. ఒక్కటీ పండలేదు.

వానలు పడ్డాక ఒక ఆదివారం పొద్దున ఆర్థర్ తలుపు కొట్టాడు. చేతిలో కొత్త బీటర్. కర్ర మీద తెల్ల రంగుతో పదిహేను అంకె.

"పీట్ తీసుకునే ఇంటికి బీటర్ ఉండాలి. అది ఇక్కడి పద్ధతి" అన్నాడు.

ఇంటి యజమానిని కదా, చెయ్యి చాచాను. ఆర్థర్ నన్ను దాటి సుభద్రకి అందించాడు. టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ దాన్ని నేల మీద నిలబెట్టి చూసుకుంది, రెండుసార్లు గాలిలో మోదింది. ఏదీ ఇలా ఇవ్వమని నేనూ తీసుకున్నాను. నడుం వంచితే గాని కొమ్మలు నేలకి తగల్లేదు. ఆ కర్ర నాలుగడుగుల పదకొండంగుళాల మనిషికి కోసింది.