ఏడో మంచం దగ్గరి ఇంగ్లీషు

వార్డులో నేల తుడిచే ఆమె మందుల అట్టపెట్టెలు చింపి, వాటి వెనక రోజుకు ఐదు ఇంగ్లీషు మాటలు రాసుకుని బొడ్లో దోపుకుంటుంది. తుడుపుకర్ర ఆడినంతసేపూ పెదవులూ ఆడుతుంటాయి. గుమాస్తా పరీక్ష మూడుసార్లు తప్పింది. విడివిడిగా మాటలొచ్చినా, పేరా మొత్తం చదివితే తలాతోకా తెలిసేది కాదు. రోగి వినకూడనిది డాక్టర్లు మంచం పక్కనే నిలబడి ఇంగ్లీషులో చెప్పుకుంటారు. ఈ ఉదయం ఏడో మంచం దగ్గర ఆగారు. అక్కడున్నది ఆమె భర్త. ఇక వారమేనన్న సంగతితో సహా, మొదటిసారి ఆమెకు అంతా అర్థమైంది. వాళ్లు వెళ్లగానే ఆయన తలెత్తి, "ఏమన్నారే? నీకు ఇంగ్లీషొచ్చుగా?" అని ఆశగా అడిగాడు.

ఆమె కర్రను బకెట్టులో ముంచింది. "నా మొహం! మూడుసార్లు తప్పినదాన్ని, నాకేం తెలుస్తుందయ్యా?"